పోయాడన్నమాట

నిన్న ఆ వీధి లైన్‌మన్ చిరిగిన చొక్కా ఒకటి పట్టుకొచ్చి, టైలరమ్మాయి ముందు నిలబడి, "నన్ను పెళ్ళి చేసుకుంటావా?" అని ఒక్క గుక్కలో అడిగేశాడు.

పిల్లకు ఇష్టమే. కానీ పొగరు! "మా ఇంట్లో వారంపాటు కరెంటు పోకుండా చూడు, అప్పుడు చెప్తా" అంది.

ఇవాళ చీకటి పడుతూనే వీధి మలుపులో ఢామ్మని పేలుడు. నీలంగా ఒక మెరుపు. రెండో అంతస్తులోని వాళ్ళిల్లు చీకటైపోయింది.

ఫ్రిజ్ మూలుగు ఆగింది. హీటరు చల్లారింది. కిటికీ అద్దాలకు మంచు పేరుకుంటోంది. నాన్న, నానమ్మ, ఆమె ఒకే రగ్గులో ముడుచుకున్నారు. మూలనున్న బట్టలకొట్టు బొమ్మకు తల లేకపోయినా, కొవ్వొత్తి వెలుగులో వాళ్ళనే చూస్తున్నట్టుంది.

ఆమె కరెంటాఫీసుకు ఫోన్ చేసింది. ఛార్జింగు అడుగంటింది.

"మా వీధి లైన్‌మన్ ఉన్నాడాండీ?"

"అతనా? పోయాడమ్మా, ఇప్పుడే..."

ఫోన్ ఆగిపోయింది.

"ఏమన్నారే?" అంది నానమ్మ.

"పోయాడట."

ఇందాకటి పేలుడు ముగ్గురికీ ఒకేసారి గుర్తొచ్చింది.

"నిన్ననే సరేనంటే నా సొమ్మేం పోయేది, నానమ్మా!" అని ఆమె బావురుమంది.

అప్పుడు బయట గోడమీద టక్, టక్. చప్పుడు కిందినుంచి మెల్లగా పైకి వస్తోంది.

కిటికీలో ఒక మొహం తేలింది. పాలిపోయిన మొహం, తెల్లటి కనుబొమలు. అతనే!

"తెరువు... చలి..."

"నీకోసమే వచ్చాడే! జవాబు వింటే గానీ వదలడు" అని నానమ్మ వణికింది. "కాళ్ళు చూడు, వెనక్కి తిరిగున్నాయేమో!"

"కాళ్ళు కనబడట్లేదు!"

నాన్న రగ్గు తలమీదికి లాక్కున్నాడు. ఆమె మాత్రం లేచి వెళ్ళి అద్దం మీద చెయ్యి పెట్టింది.

"నువ్వంటే నాకిష్టం. పొగరుకొద్దీ చెప్పలేదు. దెయ్యానివైనా సరే, నిన్నే చేసుకుంటా."

మొహం కళ్ళార్పింది. "దెయ్యమేంటి? నిచ్చెన మీదున్నా! మీ వైరు తెగింది. కాస్త ఆ కొవ్వొత్తి పట్టుకో."

ఆమె కిటికీ తెరిచింది. "ఆఫీసులో పోయాడన్నారు!"

"పోయాగా, మీ వీధికే! ఫ్యూజు పేలిందని."

ఆమెకు ఏడుపూ నవ్వూ కలిసే వచ్చాయి.

"ఇందాకటి మాట మళ్ళీ అనవా?" అన్నాడు వైరు బిగిస్తూ.

"మేం విన్నాంలే బాబూ" అన్నాడు నాన్న రగ్గులోంచి.

"దెయ్యమైనా సరేనన్న పిల్లని మనిషికివ్వకపోతే ఎలారా?" అంది నానమ్మ.

వైరు అతుక్కుంది. "స్తంభం దగ్గర స్విచ్ వెయ్యాలి. పోతా మరి."

ఆమె అతని చొక్కా చెయ్యి పట్టుకుంది. "పోతా అనకు."

"మరి?"

"వెళ్ళొస్తా అను."

"వెళ్ళొస్తా" అన్నాడతను మెల్లగా. పొగమంచులోకి దిగిపోయాడు.

కాసేపటికి దీపాలన్నీ ఒక్కసారిగా వెలిగాయి. మెట్లమీద బూట్ల చప్పుడు వినిపించేదాకా ఆమె కొవ్వొత్తి ఆర్పలేదు.