తొమ్మిది స్టోన్ల మనిషి

బూట్లు కుట్టే మనిషికి ఆడదాని మెడ కొలతతో ఏం పని? భర్త ఎనక్ కోటు జేబులో దొరికిన కాగితాన్ని డోర్కస్ పదోసారి చదివింది. లెటిస్ హార్‌గ్రీవ్స్, వయసు ముప్పై ఒకటి, ఎత్తు అయిదడుగుల రెండంగుళాలు, బరువు తొమ్మిది స్టోన్లు, మెడ పన్నెండున్నర అంగుళాలు... పాదం కొలత మాత్రం లేదు! కాగితంతో పాటే మేకపిల్ల తోలు పట్టీ ఒకటి, సగం కుట్టి ఉంది. పదకొండేళ్ల కాపురంలో ఆ మహానుభావుడు అలాంటి తోలుతో తనకు చేతి తొడుగులైనా కుట్టివ్వలేదు.

ఈ అనుమానం నిన్న మొన్నటిది కాదు. రెండేళ్లుగా తోలు కొనాలంటూ లాంకాస్టర్ పట్నం వెళ్తాడు, ఉత్త చేతులతో తిరిగొస్తాడు. వచ్చిన పూట మాంసం ముట్టడు. అత్తగారిని అడిగితే, మొగుడి జేబులు వెతికేదానికి మనశ్శాంతి ఎక్కడిదే అని ఎదురు తగులుకుంది. ఆవిడకు అన్నీ తెలుసని, కావాలనే దాస్తోందని డోర్కస్ నమ్మింది.

మధ్యాహ్నం ఎనక్ భోజనానికి కూర్చోగానే కాగితం, పట్టీ తెచ్చి రొట్టె పక్కన పెట్టింది.

"ఎవరండీ ఈ లెటిస్?"

ఎనక్ చేతిలోని రొట్టె ముక్క కింద పెట్టాడు. "మొగుడికి విషం పెట్టిన మనిషి. సోమవారం ఉరి. తీసేది నేనే."

డోర్కస్ ఒక అడుగు వెనక్కి వేసింది. ఇంకో ఆడదానితో సంబంధమై ఉంటేనే బాగుండేది! ఈ చేతులేనా ఇన్నాళ్లూ తన తల నిమిరింది?

అతను తలెత్తకుండా చెప్పుకుపోయాడు. పదేళ్ల వయసులో తండ్రి భుజాల మీద కూర్చోబెట్టుకుని లాంకాస్టర్ జైలు ముందు ఉరి చూపించాడట. అది పొట్టి తాడు, మెడ వెంటనే విరగదు. ఆ మనిషి పావుగంట గిలగిల కొట్టుకుంటే, జనం కాల్చిన బంగాళాదుంపలు తింటూ చూశారట. పాత తలారి పోయాక ఈ పని తనే అడిగి తీసుకున్నాడు. మనిషి బరువును బట్టి తాడు పొడవు లెక్కగట్టి, అంతే బరువున్న ఇసుక బస్తాను ముందురోజు వేలాడదీసి చూస్తే, అంతా ఒక్క క్షణంలో అయిపోతుందట. ఉచ్చు ఒరుసుకోకుండా లోపల మెత్తటి తోలు. కోడలికి చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నది తల్లే.

వింటుంటే డోర్కస్‌కు ఇంకో అనుమానం పుట్టింది. మొన్న విట్ అనే చర్చి పండుగనాడు ఎనక్ బొగ్గుల కొట్టు కాటా మీద ఆమెను నిలబెట్టి నవ్వాడు.

"నా బరువూ తొమ్మిది స్టోన్లే కదండీ..."

"అప్పుడు సరదాకే తూచాను. ఈ కాగితం వచ్చాక భయమేసింది, డోర్కస్. ఒక్క అంగుళం తప్పినా ఆవిడ నరకం చూస్తుంది. అందుకే అక్కడ నిలబడేది నువ్వే అనుకుని లెక్కేశాను."

అది ప్రేమో, ఘోరమో ఆమె తేల్చుకోలేకపోయింది.

పట్టీని అందుకుని తన మెడకు చుట్టి చూసుకుంది. సరిగ్గా సరిపోయింది. లోపలి కుట్టు గరుగ్గా తగిలింది.

"ఇది బూట్లు కుట్టే దారం," అంది. "మెడకు గుచ్చుకుంటోంది."

కిటికీ దగ్గర కూర్చుని కుట్లు విప్పింది. సన్న సూదిలో పట్టుదారం ఎక్కించింది. ఎనక్ భుజం మీద చెయ్యి వేయబోతే పక్కకు జరిగింది. కుట్టడం మాత్రం ఆపలేదు.