మడాకులో మొలిచింది

సముద్రపు పాయల బురదలో పెరిగే మడ చెట్ల ఆకుల్లో దాక్కుని బతికే బూజును వేరుచేసి, దాని జాతి ఏదో తేల్చడం ఆమె పని. ఆకును స్పిరిట్‌తో కడిగితే పైనున్నదంతా చస్తుంది. ముక్క కోసి ప్లేటులో జెల్లీ మీద పెడితే, లోపలున్నది నాలుగు రోజుల్లో బయటికి పాకుతుంది.

ఈసారి ఆరు ప్లేట్లలోనూ ఒకటే మొలిచింది. తెల్లగా, పొడుగ్గా, తడి వెంట్రుకల్లా. మైక్రోస్కోపు కింద కళ్ళు కాయలు కాచేలా వెతికినా ఒక్క సిద్ధబీజం కనబడలేదు. బీజం లేనిదే జాతి తేలదు. మూత తీస్తే ఉప్పుబురద కంపు.

ఆ ఆకులు కోసిన రోజే ఆమె ఆడపడుచు పోయింది. వదినకు సాయంగా వెళ్ళిన పిల్ల. "కాలు జారి పాయలో కొట్టుకుపోయింది" అని ఆమె ఇంట్లో చెప్పింది. మొగుడు నమ్మాడు. అత్తగారూ నమ్మింది.

పదకొండో రోజు మధ్యాహ్నం అత్తగారు ల్యాబుకు వచ్చింది.

"నా పిల్ల ప్రాణం పోగొట్టుకుని తెచ్చిందేదో ఒక్కసారి చూడనీ, అమ్మాయ్."

కాదనలేక కోడలు ఓ ప్లేటు చేతికిచ్చింది. ముసలామె మూత తీసి, మెల్లగా చెవి దగ్గర పెట్టుకుంది. కళ్ళు మూసుకుంది. గదిలో ఫ్రిజ్ రొద తప్ప ఏమీ లేదు.

"ఊఁ..." అంది. "ఊఁ... చెప్పమ్మా."

"అత్తయ్యా, దించండి. బూజు అంటుకుంటుంది."

"ముందు సంచి అందుకున్నావా?"

ఆ రోజు ఆ పాయలో ఉన్నది ఇద్దరే, తను పడవలో. సముద్రపు పోటు వస్తోంది. ఆ పిల్ల నడుం దాకా బురదలో దిగబడింది. "వదినా, చెయ్యి..." అంది. "ముందు ఆకుల సంచి ఇటివ్వు" అంది తను. అందుకుంది. చెయ్యి ఇస్తే పడవ తిరగబడుతుందేమో అనిపించింది. తెడ్డు అందుకుంది. అంతే.

కోడలు ప్లేటు లాక్కుంది. ఆరింటినీ ఆవిరి డ్రమ్ములో పడేసి, మూత బిగించి, కింద మంట పెట్టింది. ఎలాంటి బూజైనా అందులో పావుగంట బతకదు. అత్తగారు అడ్డుపడలేదు. ఏడవలేదు. స్టూలు లాక్కుని డ్రమ్ము పక్కనే కూర్చుంది.

ఆవిరి బుసకొట్టింది. పావుగంట... అరగంట... కంపు మాత్రం పోలేదు.

"ఇప్పుడేమంటోంది మీ కూతురు?" అంది కోడలు, పళ్ళ బిగువున.

ముసలామె తల వంచి వింది.

"అది ఎప్పుడో ఊరుకుంది. లోపల రెండో ఆవిడే... చెయ్యి ఇవ్వమని ఏడుస్తోంది."

"రెండో ఆవిడెవరు?"

అత్తగారు తలెత్తి కోడల్ని ఎగాదిగా చూసింది.

"నీ గొంతేనమ్మా."