మూడు గంటలకోసారి

ఇన్నయ్య ఏ ఇంటికి వెళ్ళినా ముందు మనుషుల్ని చూడడు, గోడను చూస్తాడు. గోడ అబద్ధం ఆడదని ఆయన నమ్మకం. ఆరోజు ఉదయం పదకొండు గంటలకు, రెంటచింతల మూడో వరుసలో పైకప్పు వేసిన నీడబాట వెంట నడిచి నలభై ఒకటో గుమ్మం ముందు ఆగేసరికి బయట ఎండ యాభై రెండు డిగ్రీలు దాటింది. తలుపు తీయగానే లోపలి గాలి ఒంటికి తగిలింది. ఇరవై నాలుగు డిగ్రీలు. తడి లేదు, దుమ్ము లేదు, ఏ వాసనా లేదు. పాతికేళ్ళుగా ఆ ఊళ్ళో అన్ని ఇళ్ళలోనూ అదే గాలి.

ఆ గాలినిచ్చేది ఋతుపేటిక. గోడలో అమర్చిన ఆ పెట్టె, ఇంట్లో ఎవరెక్కడ కూర్చుంటే అక్కడికి గాలితెర పంపుతుంది. మనిషి ఒంటి వేడినీ చెమటనీ ఊపిరినీ అప్పటికప్పుడే లాగేసి, వడపోసి, కొత్త గాలి వదులుతుంది. అది వచ్చాకే వడదెబ్బ చావులు ఆగాయి. అందుకే దాన్ని చేత్తో ఆపడం నేరం. పసిబిడ్డ ఉన్న ఇంట్లో ఆపితే పేటికల్ని చూసుకునే శీతల మండలి వాళ్ళు వచ్చి, ఏడాది నిండేదాకా బిడ్డను శిశుగృహంలో పెడతారు.

ఈ ఇంట్లో మూడు నెలల పిల్లాడున్నాడు. నెలన్నరగా పేటిక బ్రేకర్ రోజుకు ఏడెనిమిదిసార్లు పడిపోతోంది. ఒక మెకానిక్ వచ్చి బ్రేకర్ మార్చాడు, ఇంకొకడు కంప్రెసర్ మార్చాడు, అయినా ఆగలేదు. మూడోసారి మండలి తనిఖీ చేసే ఇన్నయ్యను పంపిందంటే, అనుమానం ఇంక యంత్రం మీద కాదు, ఇంటివాళ్ళ మీదేనని అర్థం. అనుమానించడంలో ఆయన తర్వాతే ఎవరైనా. ఇరవై నాలుగేళ్ళ సర్వీసులో ఒక్క రిపోర్టులోనూ ‘కారణం దొరకలేదు’ అని రాయలేదని ఆయనే నలుగురికీ చెప్పుకుంటూ ఉంటాడు.

తలుపు తీసింది తెరేజమ్మ, డెబ్బై ఏళ్ళ మనిషి. ఆమె కోడలు లూర్దు పిల్లాణ్ణి భుజాన వేసుకుని లోపలి గది గడపలో నిలబడింది. కొడుకు రాతిగనిలో పనికి వెళ్ళాడట. అడక్కుండానే మజ్జిగ వచ్చింది. అడక్కుండా వచ్చే మజ్జిగంటే ఇన్నయ్యకు గిట్టదు. గ్లాసు పక్కన పెట్టి పేటిక మూత విప్పాడు.

లోడు ఎక్కువైనా, తీగ తీగకు తగిలినా, కరెంటు ఎక్కడైనా కారిపోతున్నా బ్రేకర్ పడుతుంది. కంప్రెసర్, ఫ్యాను, వడపోత అన్నీ ఊడదీసి ఒక్కొక్కటే కలుపుతూ వచ్చాడు. మీటరు పెట్టి చూశాడు. చుక్క లీకేజీ లేదు. అన్నీ కలిపి గంటసేపు నడిపించాడు. పేటిక చుట్టాల ముందు పిల్లాడిలా బుద్ధిగా నడిచింది. అదే ఆయనకు కొరుకుడు పడలేదు.

అప్పుడు జాడపలక తెరిచాడు. పేటిక ఎప్పుడెప్పుడు ఆగిందో అందులో నమోదై ఉంటుంది. ఆరూ పది. తొమ్మిదీ ఐదు. నిన్న మధ్యాహ్నం పన్నెండు, మూడు. ప్రతిసారీ లీకేజీ అనే ఉంది. ప్రతిసారీ పావుగంటో ఇరవై నిమిషాలో ఆగి, మళ్ళీ నడిచింది. వైరింగులో ఉన్న ఏ లోపమూ గడియారం చూసుకుని రాదు. వీళ్ళు ఏదో దాస్తున్నారు. వంటగదిలోకి వెళ్ళి దొంగచాటు కరెంటు పొయ్యి ఉందేమోనని వెతికాడు. మంచం కింద టార్చి వేశాడు. తెరేజమ్మ ఆయన వెనకే తిరిగింది. లోపల పిల్లాడి ఏడుపు అంతకంతకూ పెరిగింది. కడుపునొప్పని తెరేజమ్మ చెప్పింది. లూర్దు మాత్రం పిల్లాణ్ణి ఊపుతూ ఒకసారి ఆయన్నూ, ఒకసారి బ్రేకర్లనూ చూస్తోంది.

ఆ చూపు పట్టుకుని ఆయన మళ్ళీ గోడ దగ్గరకొచ్చాడు. వరుసగా నాలుగు బ్రేకర్లు. ప్రతిదానికీ పరీక్ష కోసం మెకానిక్‌లు నొక్కే చిన్న మీట ఉంటుంది. అది నొక్కితే బ్రేకర్ పడుతుంది, పేటిక దాన్ని లీకేజీగానే రాసుకుంటుంది. మూడు మీటల మీద సన్నటి దుమ్ముంది. నాలుగోది నూనె రాసి తుడిచినట్టు మెరుస్తోంది. వేలితో రుద్ది చూశాడు. పసివాళ్ళ ఒంటికి రాసే కొబ్బరినూనె.

దొంగ దొరికినప్పుడు కలిగే సంతోషం ఆయనకు కలిగింది. ఈ మీట ఎవరు నొక్కుతున్నారని అడిగాడు. నొక్కితే ఏమవుతుందో తెలుసు కదా అని కూడా అడిగాడు.

“నేనే నొక్కానబ్బాయ్. రాసుకో,” అంది తెరేజమ్మ.

“అత్తమ్మకి మీట ఏదో కూడా తెలవదు బాబాయ్,” అంటూ లూర్దు ముందుకొచ్చింది. పిల్లాడు ఏడ్చి ఏడ్చి నల్లబడిపోయాడు. ఆమె ఇన్నయ్య కళ్ళ ముందే బొటనవేలితో మీట నొక్కింది.

టక్కుమని బ్రేకర్ పడింది. పేటిక హోరు ఆగిపోయింది. లూర్దు గోడవైపు తిరిగి కూర్చుని పిల్లాణ్ణి పైట కిందకు తీసుకుంది. ఇన్నయ్య గబుక్కున ముఖం తిప్పేశాడు. నిమిషం, రెండు నిమిషాలు గడిచాయి. నిలిచిపోయిన గాలిలోకి ఒక్కొక్క వాసనా వచ్చింది. ఆయన చొక్కా చెమట, మజ్జిగ, కొబ్బరినూనె, పాలు. ఏడుపు ఆగింది. గుటకలు వినపడ్డాయి.

“ఆ పెట్టె నా వాసన నా మీద ఉండనీదు బాబాయ్,” అంది లూర్దు. “వాడికి నేనెవరో తెలవట్లా. దగ్గరకు తీసుకుంటే కొత్తమనిషిని చూసినట్టు మొఖం తిప్పుకునేవాడు. ఓరోజు నిజంగానే కరెంటు పోయింది. ఆ పావుగంటా తాగాడు.”

సీసా పాలు వాడికి ఇమడవు. బరువు తగ్గినా తీసుకుపోతారు, పెట్టె ఆపినా తీసుకుపోతారు. మండలి డాక్టరుకు చెప్పుకుంటే ఏం రాశాడో చూడమని తెరేజమ్మ కాగితం తెచ్చిచ్చింది. ‘తల్లికి బిడ్డపై విముఖత’ అని ఉంది.

ఇన్నయ్య ఆ మాటను ఇంతకుముందు చదివాడు. ఇరవై రెండేళ్ళ కిందట అదే మాట కింద సంతకం పెట్టాడు. ఆయన కూతురు ప్రిసిల్లా రొమ్ము పట్టలేదు. భార్య జసింతకు బిడ్డ అక్కర్లేదేమోనని ఆయన అనుమానించాడు, అనుమానాన్ని పైకే అన్నాడు. పిల్ల ఏడాది శిశుగృహంలో పెరిగి వచ్చింది. ఇప్పటికీ తల్లికి ఫోన్ చేస్తే ఆఫీసువాళ్ళతో మాట్లాడినట్టు మర్యాదగా మాట్లాడుతుంది. అదంతా జసింత వల్లే అని ఇన్నాళ్ళూ ఆయన లోలోపల అనుకుంటూనే ఉన్నాడు. ఆయనకు సిగ్గేసింది.

గది ముప్పై మూడు డిగ్రీలకు చేరేసరికి పిల్లాడు నిద్రపోయాడు. ఇన్నయ్య తనే బ్రేకర్ ఎత్తాడు. జేబుగుడ్డతో మీట మీది నూనె తుడిచి, నాలుగింటికీ సమంగా దుమ్ము రాశాడు. ఇకమీదట చెయ్యి తుడుచుకుని నొక్కమ్మాయ్ అని మాత్రం చెప్పాడు. రిపోర్టులో ‘కారణం దొరకలేదు’ అని రాసి, ఇంటివాళ్ళ తప్పేమీ లేదని కింద ఇంకో వాక్యం చేర్చాడు. మజ్జిగ తాగి వచ్చేశాడు.

సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి జసింత బట్టలు మడతపెడుతోంది. ఆయన బూట్లయినా విప్పకుండా ఆ ఇంటి సంగతంతా చెప్పాడు. వాసన దగ్గరికి వచ్చేసరికి ఆమె చేతులు ఆగాయి.

“పట్టాడా?” అని అడిగింది.

“పట్టాడు.”

ఆమె చీర ఇంకో మడత వేసి పక్కన పెట్టింది.

“తప్పు నాదే జసింతా,” అన్నాడు.

“నాకు పాలున్నయ్యని అప్పుడూ చెప్పా గదా,” అంది.