ముక్కాలిపీట ఎత్తులో సముద్రం

"మీ సముద్రం ఎక్కడండీ?"

అతను తలెత్తి చూశాడు. బల్లకి అవతల ఒక అమ్మాయి నిలబడి ఉంది. చేతిలో పోయిన వారం అతనే రంగు పెన్సిళ్ళతో ముచ్చటగా గీసి ఇచ్చిన రూట్ ప్లాన్. ఆమె మొహంలో ఉన్నది మాత్రం ఒకటే రంగు. ఎరుపు.

"ఏ సముద్రమండీ?"

"ఇదిగో, మీరే రాశారుగా. 'మొదటి రోజు, ఎడమవైపు దారి పొడవునా సముద్రం. కళ్ళు తిప్పుకోలేరు.' నిన్న సరదాగా కొంత దూరం వెళ్ళొచ్చాను. దారి పొడవునా పిట్టగోడ. నిజంగానే కళ్ళు తిప్పుకోలేకపోయాను. అంత పొడుగు గోడ నేను పుట్టి బుద్ధెరిగి చూడలేదు."

అతనికి చుర్రుమంది. టూరిస్టు బస్సులు నడిపే ఆఫీసులో దారులు వెయ్యడం అతని ఉద్యోగం. ఏ మలుపులో కొండ కనబడుతుందో, ఏ వంతెన మీద బస్సు నెమ్మదించాలో నిద్రలో లేపి అడిగినా చెప్పగలడు. అలాంటివాడి రూట్లో సముద్రమే లేదంటుందా!

"మీరు కుడివైపు చూసుంటారు."

"కుడేదో ఎడమేదో నాకు బాగా తెలుసండీ. తెలీకపోతే మంచి పన్ను ఊడొస్తుంది."

పళ్ళ డాక్టరన్నమాట. అతను అప్రయత్నంగా నోరు మూసుకున్నాడు.

"మాటలెందుకు? కిందికి రండి. నా కారులో కూర్చుని మీరే చూడండి" అంది.

వీధిలో ఎర్ర స్పోర్ట్స్ కారు ఆగి ఉంది. రెండే సీట్లు. పైన గుడ్డ కప్పు. దాని పక్కన నిలబడితే అతనికి నడుం దాకా కూడా రాలేదు. కారు ఎక్కడం అని ఎవరు కనిపెట్టారో గానీ, ఇందులోకి దిగాలి. ముందు ఒక కాలు పెట్టి, తల వంచి, నడుం మడిచి, రెండో కాలు ఎక్కడుందో వెతుక్కుని లోపలికి లాక్కున్నాడు. ఆమె పెదవి కొరుక్కుని అటు తిరిగింది.

కూర్చున్నాక చూస్తే లోకం మారిపోయింది. పక్కన ఆగిన బస్సు చక్రం సరిగ్గా అతని మొహానికి ఎదురుగా ఉంది. పేవ్‌మెంట్ మీద వెళ్ళేవాళ్ళ మోకాళ్ళూ చేతిసంచులూ తప్ప మనుషులు కనబడలేదు. ఒక వీధికుక్క మాత్రం ఆగి, సూటిగా అతని కళ్ళలోకి చూసి వెళ్ళిపోయింది.

అప్పుడర్థమైంది. ఇన్నేళ్ళూ అతను చూసిన దేశమంతా బస్సు కిటికీ ఎత్తులోంచి చూసిందే. పిట్టగోడ ఎప్పుడూ తన కాళ్ళ కిందే ఉండిపోయింది. అందుకే అది ఉన్నట్టు కూడా తెలీదు.

"పోయిన వారం, ఆ దారిలో వందసార్లు వెళ్ళానన్నారుగా?" అంది ఆమె.

"వెళ్ళానండీ. గోడ మీంచి."

ఆమె ఫక్కున నవ్వింది. కోపంతో వచ్చిన మనిషి నవ్వితే ఎదుటివాడికి ఎంత ప్రమాదమో అతనికి ఆ క్షణానికి తెలీలేదు.

"చూడండి, నేను దేశం అడ్డంగా వెళ్ళాలి. ఈ సముద్రం నుంచి ఆ సముద్రం దాకా. వానాకాలం ముదిరేలోపు బయల్దేరి తీరాలి. మీ వల్ల కాదంటే చెప్పండి, ఇంకొకరిని చూసుకుంటాను."

"అక్కర్లేదు. మళ్ళీ వేస్తాను. మొదటి నుంచీ చివరిదాకా, ఈ సీటు ఎత్తునుంచి" అన్నాడు. అనడమైతే గట్టిగానే అన్నాడు గానీ కారులోంచి బయటికి రావడానికి ఆమె చెయ్యి పట్టుకోవలసి వచ్చింది.

మర్నాడు వంటింట్లోంచి ముక్కాలిపీట చంకలో పెట్టుకుని బయల్దేరాడు. ఎత్తు కొలిచి చూసుకున్నాడు, కారు సీటుకి సరిగ్గా సరిపోయింది.

"పీటెందుకురా?" అంది అమ్మ.

"సముద్రం చూడ్డానికి."

అమ్మ అతని నుదుటి మీద చెయ్యి వేసి చూసి, జ్వరం లేదని నిర్ధారించుకుని వదిలేసింది.

ఇక ఆ రోజునుంచి బస్సు ఎక్కడ ఆగితే అక్కడ అతను దిగడం, రోడ్డు పక్కన పీట వేసుకుని కూర్చోవడం, నలుదిక్కులా చూడ్డం. ప్రయాణికులు కిటికీల్లోంచి తొంగిచూసి నవ్వేవాళ్ళు. "తమ్ముడూ, కాఫీ కూడా అక్కడికే పంపించమంటావా?" అని డ్రైవరన్న వేళాకోళం చేసేవాడు. అతను పట్టించుకోలేదు. పట్టుదల వచ్చిందంటే అతను అంతే, ఇంట్లోవాళ్ళు చెప్పినా వినడు.

బస్సులోంచి పొద్దుతిరుగుడు తోట అనుకున్నది పీట మీంచి చూస్తే వట్టి కాడలు. కొట్టేశాడు. లోయ కనబడే మలుపులో ఇనుప కమ్మీలు అడ్డం. అదీ కొట్టేశాడు. కానీ పోయినవాటికి బదులు కొత్తవి దొరికాయి. కొమ్మలు టాపుకి గీసుకుంటాయని బస్సువాళ్ళు తిట్టుకునే చెట్ల బాట, కింద కూర్చుంటే పచ్చటి పందిరి. చెరువు కట్ట మీద నీళ్ళు రోడ్డుతో సమానంగా, చెయ్యి చాపితే తగిలేటట్టు ఉన్నాయి. ఇన్నేళ్ళూ వీటి మీంచి దాటిపోయానే అని అతనికి బాధ కూడా వేసింది.

అతను ఊళ్ళో ఉన్న సాయంత్రాలు ఆమె క్లినిక్ మూసి వచ్చేది. బల్ల మీద మ్యాపు పరిచి ఇద్దరూ తలలు వంచేవాళ్ళు. ఆమె చేతులకి లవంగ నూనె వాసన. పంటి నొప్పికి వేసే ఆ నూనె వాసన ఇంత బాగుంటుందని అతనెప్పుడూ అనుకోలేదు.

"ఇక్కడ స్పీడ్ బ్రేకర్ పెద్దది. కారు పొట్ట గీసుకుంటుంది. ఈ సందులోంచి వెళ్ళాలి."

"కారు పొట్ట గురించి కూడా బెంగేనా మీకు?"

"మీ పొట్ట గురించీ ఆలోచించానండీ. ఇక్కడ మంచి హోటలుంది."

పక్క సీట్లో ఎవరొస్తున్నారు అన్న ప్రశ్న అతని నాలుక మీదికి వచ్చి వెనక్కి పోతూ ఉండేది. చాలా మామూలుగా అడగాలని అద్దం ముందు ప్రాక్టీసు చేశాడు. తీరా అడిగేసరికి గొంతు కీచుమంది.

"పక్క సీటా? అది ఎప్పుడో బుక్ అయిపోయింది" అంది ఆమె, మ్యాపులోంచి తలెత్తకుండా. "చిన్నప్పటినుంచీ నన్ను ప్రాణంగా చూసుకున్న మనిషి. ఆయన కోసమే ఈ ట్రిప్పంతా."

అతని గుండె జారి ముక్కాలిపీట ఎత్తుకి పడిపోయింది. అయినా పెన్సిలు మాత్రం ఆగలేదు. మాటిచ్చాక మాటే. ఎవడైతేనేం, వాడికీ దారి తెలియాలి కదా అనుకుని గీత మీద గీత గీశాడు. గీతలు మాత్రం కొంచెం గట్టిగా పడ్డాయి.

ఆదివారం ట్రయల్ వెళ్దామంది. ఊరు దాటారో లేదో వాన అందుకుంది. గుడ్డ కప్పు సరిగ్గా పక్క సీటు మీదే కారడం మొదలెట్టింది. చుక్క చుక్కా అతని మెడ మీద.

"తడుస్తున్నారా?"

"లేదండీ."

"మీ కాలర్లోంచి నీళ్ళు కారుతున్నాయి."

"చెమట."

"ఇంత చల్లగాలిలోనా?"

అతను కాలరు పైకి లాక్కున్నాడు. ఆమె ఓరకంట చూసి, స్టీరింగు మీద వేళ్ళతో తాళం వేస్తూ, "ఈ కప్పు కుట్టిస్తే గానీ ఆయన్ని ఇందులో కూర్చోబెట్టలేం. పదండి, ఆయన దగ్గరికే తీసుకెళ్తాను" అని కారు వెనక్కి తిప్పింది. అతనికి ఆ వానలోనే దిగి ఇంటికి నడిచి పోదామనిపించింది.

కారు ఒక పాత షెడ్డులోకి దూరింది. నడుముకి పట్టీ, చేతిలో కర్ర, మొహాన గ్రీజు మచ్చతో ఒక పెద్దాయన ఎదురొచ్చాడు.

"మామయ్యా, వీరే మన రూటు. ఇదుగోనండీ, మా మేనమామ. నా పక్క సీటు."

పట్టరాని సంతోషంతో అతనికి ఆ పెద్దాయన్ని ఎత్తుకుని గిరగిరా తిప్పుదామనిపించింది. నడుం పట్టీ చూసి ఆగాడు.

"ఓహో, పీటబాబువి నువ్వేనా! ఇది రోజూ నీ కబుర్లే చెబుతుంది" అన్నాడు మామయ్య.

"రోజూ ఏం కాదు" అని ఆమె గబగబా గుడ్డకప్పు విప్పడంలో పడిపోయింది.

కారు కథ మామయ్యే చెప్పాడు. లారీ ఇంజన్లు బాగుచేసుకునే రోజుల్లో, ఎవరో గుద్దేసి పారేసిన బండిని తెచ్చుకున్నాడు. మేనకోడలు గౌను వేసుకుని పక్కన కూర్చుని స్పానర్లు అందించేది. ఇది నడిచిన రోజున మనిద్దరం ఈ ఒడ్డునుంచి ఆ ఒడ్డుకి వెళ్దామే అని ఆ పిల్లకి మాటిచ్చాడు. ఒక పార్టు దొరికితే ఇంకోటి దొరికేది కాదు. అలా ఏళ్ళు గడిచి, ఈ వేసవిలో కారు నడిచింది. మామయ్య నడుం ఆగిపోయింది.

"అయినా వెళ్తాం" అంది ఆమె.

వారం తిరిగేసరికి కప్పు కుట్టించారు. మామయ్య మెత్తటి దిండు వేసుకుని సీట్లోకి దిగాడు. దిగడం దిగాడు గానీ లేవలేకపోయాడు. ఆమె ఒక చెయ్యి, అతనొక చెయ్యి పట్టుకుని లాగారు. మామయ్య మొదట నవ్వాడు. తర్వాత ఒక్క కేక పెట్టాడు. ఆ కేకకి ఆమె మొహం పాలిపోయింది. ఎముకల డాక్టరు వచ్చి చూసి, అంత కింది సీట్లో పక్క వీధికి కూడా వెళ్ళకూడదని ఖండితంగా చెప్పేశాడు.

ఆమె కారు మీద టార్పాలిన్ లాగి, నాలుగు మూలలా కట్టేసింది.

"పిచ్చిదానా, నువ్వెళ్ళవే. వచ్చి నాకు చెప్పు" అన్నాడు షెడ్డులో మంచం మీంచి మామయ్య.

"నువ్వు లేకుండా ఈ కారు గేటు దాటదు. అన్నానంటే అన్నాను."

మామయ్య గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆమె గుమ్మంలో అతనికి మాత్రం వినబడేటట్టు, "ప్లాన్ చింపెయ్యండి" అంది. పొడిగా ఉన్న ఆ గొంతు అతన్ని కోసేసింది. ఆ ప్లానులో తన కష్టం ఉందని కాదు. చిన్నప్పుడు స్పానర్లు అందించిన చేతులు ఇప్పుడు ఖాళీగా వేలాడుతున్నాయని.

చింపలేదు. మర్నాడు ఎప్పటిలాగే సముద్రం రోడ్డు మీద బస్సులో, డ్రైవరన్న పక్కనున్న ముందు సీట్లో కూర్చున్నాడు. నిటారైన ఎత్తు సీటు, ఎదురుగా పెద్ద అద్దం. ముందు ఎవరిదో చిన్న కారు మలుపు తిరుగుతోంది. పైనుంచి చూస్తే మొత్తం కనబడుతోంది, దాని మీద ఎండ మెరవడం, చక్రాలు దారిని పట్టుకోవడం, అవతల నీలంగా సముద్రం.

"అన్నా, బస్సాపు!"

"పీట తేలేదుగా ఇవాళ?"

"పీట కాదు. వెనక్కి వెళ్ళే బస్సు ఎక్కాలి."

ఆయాసపడుతూ షెడ్డులోకి వచ్చి పడ్డాడు.

"మామయ్యగారూ, మా బస్సు ఏటా ఈ ఒడ్డునుంచి ఆ ఒడ్డుకి టూరు వెళ్తుంది, ఈసారి త్వరలోనే బయల్దేరుతోంది. ముందు సీటు మీది. నడుం వంచే పని లేదు. డాక్టర్ని కూడా అడిగొచ్చాను, సరేనన్నారు."

"బస్సా?" పెద్దాయన కస్సుమన్నాడు. "నా కారు పెట్టుకుని నేను బస్సులో పోవాలా?"

"కారు మీ ముందు వెళ్తుంది. మీరు ఇన్నేళ్ళూ దాని కింద పడుకుని చూశారు, లోపల దూరి చూశారు. అది రోడ్డు మీద పరిగెడుతుంటే ఒక్కసారైనా చూశారా? లోపల కూర్చుంటే కనబడదండీ. ఆ వేడుక బస్సులోంచే కనబడుతుంది."

మామయ్య కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. మళ్ళీ తుడుచుకున్నాడు. ఆమె అప్పటికే టార్పాలిన్ ముడులు విప్పుతోంది.

బయల్దేరే రోజు బస్సు ముందు ఎర్ర కారు నిలబడింది. మామయ్య నడుం పట్టీ బిగించుకుని ముందు సీటెక్కాడు. ఎక్కిన మరుక్షణం గైడు చేతిలోంచి మైకు లాక్కున్నాడు.

అతను బస్సు మెట్టు మీద కాలు పెట్టబోతుంటే మైకులో గొంతు ఖంగుమంది. "పీటబాబూ, నువ్వెక్కడికి? రూటు చెప్పేవాడు లేకపోతే మా పిల్ల మళ్ళీ గోడ చూసొస్తుంది. దిగు అందులోకి!"

అతను ఆమెవైపు చూశాడు. ఆమె పక్క సీటు తలుపు అప్పటికే తెరిచి పట్టుకుని ఉంది.

సముద్రం రోడ్డు మొదలైంది. ఎడమవైపు పిట్టగోడ. స్పోర్ట్స్ కారు బస్సుకోసం నెమ్మదిగా నడుస్తూ లోపల్లోపల గొణుక్కుంటోంది.

"గోడ" అంది ఆమె.

"తెలుసండీ. ఇంకాస్త ముందుకి."

"ఎంతసేపు ఆ గోడకేసి చూస్తారు? ఇటు కూడా కాస్త చూడొచ్చుగా."

"ఇటు చూస్తే దారి మర్చిపోతాను... ఆఁ, ఇక్కడ! ఆపండి."

పడవలవాళ్ళు రేవులోకి దిగడానికి గోడకి గండి కొట్టిన చోటది. బస్సులోంచి చూస్తే లెక్కలోకి రాదు. కారు సీట్లోంచి చూస్తే మాత్రం సముద్రమంతా కంటికి సమానంగా వచ్చి, ఒళ్ళో కూర్చుంటుందేమో అన్నంత దగ్గరగా నిలబడింది. ఆమె ఇంజను ఆపేసి, స్టీరింగు మీద గడ్డం ఆనించింది.

"ఇది ప్లానులో లేదే?"

"అన్నీ రాశాను. ఇదొక్కటీ రాయడానికి చెయ్యి రాలేదు. పక్క సీట్లో ఎవడో వస్తున్నాడనుకున్నాను అప్పుడు."

"ఇప్పుడెవరొచ్చారు?"

అతను నోరు తెరిచాడు. మూశాడు.

"ఎంతమంది నోళ్ళు తెరిపించానో! మీ నోరు తెరిపించడానికి ఇంత దూరం రావలసి వచ్చింది" అంది ఆమె. గొంతులో వేళాకోళమే గానీ, ఆగి ఉన్న కారుకి రెండుసార్లు గేరు మార్చింది.

ఆ కంగారు చూశాక అతనికి ధైర్యమొచ్చింది. "ఆ ఒడ్డు దాకానే కాదండీ. అక్కడినుంచి వెనక్కొచ్చేటప్పుడూ, ఆ తర్వాత కూడా, ఈ సీటు నాకే ఇవ్వండి. మీరంటే నాకు ప్రాణం. కప్పు కారినా సరే, ఇక్కడే కూర్చుంటాను."

"చెమటన్నారుగా?" అంది ఆమె. అతని చెయ్యి మీద తన చెయ్యి వేసింది.

వెనకాల బస్సు ఆగింది. కిటికీలన్నీ తెరిచే ఉన్నాయి. మామయ్య గొంతు మైకులోంచి రోడ్డంతా మోగింది.

"అమ్మల్లారా, అయ్యల్లారా! మీ ఎడమవైపు కనబడేది సముద్రం. అది ఎప్పుడూ ఉండేదే. కిందికి చూడండి. ఆ ఎర్ర కారు నేను చేసింది. స్టీరింగు దగ్గరున్న పిల్ల నేను పెంచింది. పక్కనున్న కుర్రాడు..." గొంతు కాస్త ఆగింది. "ఆ కుర్రాణ్ణి ఇప్పుడే ఖాయం చేశాను!"

బస్సంతా ఈలలు. డ్రైవరన్న హారన్ మీద వేసిన చెయ్యి తియ్యలేదు.

ఆమె చెవులదాకా ఎర్రబడి ఇంజను స్టార్ట్ చేసింది. "సిగ్గుపడింది చాలు, రూటు చెప్పండి."

"నేరుగా పోనివ్వండి" అన్నాడతను.

పిట్టగోడ మళ్ళీ మొదలైంది. ఈసారి దాన్ని ఇద్దరిలో ఎవరూ పట్టించుకోలేదు.