కొమ్మ మీద చీమల కాపురం

1948 మే 4, ఉదయం ఆరూ నలభై.

ముసునూరు మామిడితోటలో బోటనీ లెక్చరర్ శేషగిరిరావు శవం బోర్లా పడి ఉంది. తల వెనక ఒకటే దెబ్బ. పక్కనే తోట కాపలాదారు రాయప్ప దుడ్డుకర్ర, నెత్తురు మరకలతో. పైన కొమ్మను పట్టుకుని పెరిగిన వింత మొక్కను ఎవరో సగానికి కోసుకుపోయారు.

ఇంకేం, రాయప్పను లాక్కెళ్లి లాకప్‌లో పడేశారు. పేదవాడు దొరికాక ఆలోచించే పనేముంది?

మర్నాడు పదింటికి ఇన్‌స్పెక్టర్ జగన్మోహనరావు స్టేషన్‌లో కూర్చున్నాడు. మనసు మనసులో లేదు. నేరం రుజువైతే రాయప్పకు ఉరే. వాడి భార్య ఇన్నమ్మ నిన్నటి నుంచి గుమ్మం దగ్గర కదల్లేదు.

ఎదురుగా కుర్చీలో చనిపోయినాయనతో కలిసి పనిచేసే పాండురంగారావు. ఎండ మండిపోతున్నా పొడుగు చేతుల చొక్కా వేసుకుని, చేతులు బల్ల కింద పెట్టుకున్నాడు.

"ఆ తోటకు ఎప్పుడు వెళ్లారండీ?"

"నెలయిందండి."

"ఆ మొక్క సంగతి ఎవరికి తెలుసు?"

"నాకేనండి. ఇదివరకు ఎవరూ చూడని కొత్త మొక్క. దాని వర్ణన రాసింది నేనే. శేషగిరిరావు గారిది వట్టి సాయం. కాగితాలు మీ బల్ల మీదే పెట్టాను."

జగన్మోహనరావు ఆ టైపు కాగితాలు పైకే చదివాడు.

"'చెట్టును ఆసరా చేసుకుంటుందే గాని దాని రసం పీల్చదు. కాండం దుంపలా ఉబ్బి ఉంటుంది. లోపల సొరంగాలు, వాటి నిండా చీమలు. అవి తెచ్చిపోసే చెత్తే మొక్కకు ఎరువు. కోస్తే గుంపుగా మీద పడతాయి. బూడిద పూయని చేయి పెట్టరాదు.'"

కాగితం కింద పెట్టాడు.

"శవం చేతులకు మోచేతుల దాకా బూడిద ఉందండీ. మావాళ్లు దుమ్మనుకున్నారు. ఆయన చెట్టెక్కబోతుంటే కొట్టారు. కానీ మొక్క కోసినచోట బూడిద మరకే లేదు. కోసినవాడిది ఒట్టి చేయి. రాయప్ప ఒంటి మీద ఒక్క చీమకాటు లేదు. ఏదీ, మీ చేతులు?"

పాండురంగారావు చేతులు బయటికి తీయలేదు. కానిస్టేబుల్ ఆయన చొక్కా చేతుల గుండీలు విప్పాడు. రెండు చేతులూ ఎర్రగా, బొబ్బలెక్కి ఉన్నాయి.

"రాసింది మీరైతే ఒట్టి చేయి పెట్టేవారా? ఇవి ఆయన కాగితాలు. మీరు చేయి పెట్టాక చదివారు."

"పదేళ్లు ఆయన వెనక సంచి మోశానండి," అన్నాడు పాండురంగారావు. "మొక్కకూ ఆయన పేరే పెడతారట. చూడలేకపోయాను."

పదకొండింటికి రాయప్పను బయటికి తెచ్చారు.

"తప్పయిపోయిందమ్మా. మీ ఆయన్ను తీసుకెళ్లు," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

ఇన్నమ్మ మొగుడి కుడిచేయి మెల్లిగా ఎత్తి చూపించింది. మణికట్టు పక్కకి వేలాడింది.

"ఒప్పుకోమని మీవోళ్లు విరగ్గొట్టారు బాబూ. రేపట్నుంచి చిన్నరసాల కోత. ఈ చేత్తో చెట్టెలా ఎక్కుతాడు?"

జగన్మోహనరావు సిగ్గుతో తల దించుకున్నాడు. నిన్న రాయప్ప కేకలు ఆయన గది దాకా వినిపించాయి.