నలభయ్యో పుర్రె

పుర్రె అంటే ఒకే ఎముక అనుకుంటాం. బోర్లించిన చిప్పలా ఉంటుంది కదా మరి. నిజానికి అది ఎన్నో ముక్కల కూర్పు. రెండు చేతుల వేళ్ళూ ఒకదాని సందుల్లో ఒకటి జొనిపి చూడండి. ఎముకలు అలా కలుసుకున్న చోట ఒక వంకరటింకర గీత కనిపిస్తుంది. దాన్నే అతుకు అంటారు. పిల్ల జంతువులో అది వదులుగా, ఇంచుమించు తిన్నగా ఉంటుంది. వయసు పెరిగేకొద్దీ మెలికలు తిరుగుతుంది. ముసలితనంలో కొన్నిచోట్ల ఎముకలో ఎముక కలిసిపోతుంది. ఇక అక్కడ గీతే మిగలదు.

ఆ గీతల్ని కొలవడమే ఆవిడ ఉద్యోగం. అందరూ కొలతలమ్మ అనేవారు. గీత వెంట సన్నటి దారం పరిచి, దాన్ని తిన్నగా లాగి స్కేలు మీద పెడుతుంది. గీత రెండు కొసల మధ్య దూరం నాలుగు సెంటీమీటర్లు, దారం పొడవు ఏడు అనుకోండి. ఏడుని నాలుగుతో భాగిస్తే ఒకటీ ముప్పావు. ఆ అంకె ఎంత పెద్దదైతే అతుకులో అన్ని మెలికలున్నట్టు.

జంతువుల మ్యూజియం అడుగున, కిటికీ లేని గదిలో ఆవిడ బల్ల. నాలుగు గోడలకీ బీరువాలు, బీరువాల నిండా పుర్రెలు. కలరా ఉండల వాసన, దాని కింద పాత ఎముకల పొడి వాసన.

ఆ రోజు పొద్దున గది తలుపు తీసి పెట్టడానికి తాళాల తాత వచ్చాడు. ఆ మ్యూజియం తాళాలన్నీ ఆయన మొలలోనే ఉంటాయి.

"ఏమ్మా కొలతలమ్మా, వీటన్నిటికీ టోపీలు కుట్టిస్తావా ఏమిటి?"

"ముందు మీకే కుట్టిస్తాను. తల ఇలా ఇవ్వండి, కొలుస్తాను."

"నా అతుకులు ఏనాడో మూసుకుపోయాయిలే. కొత్త ముక్క ఒక్కటీ లోపలికి పోదు." నవ్వేసి, మెట్లెక్కబోతూ ఆగాడు. "ఒక్కటి మాత్రం గుర్తుంచుకో. దారం పెట్టి చూడకుండా అతుకు మూసుకుందని రాయకు. నీకు ముందున్నాయన అలాగే రాసేవాడు."

"ఆయన ఎక్కడున్నారిప్పుడు?"

"అదే ఎవరికీ తెలియదమ్మా."

ముసలాయన బెదిరింపులే అనుకుని ఆవిడ నవ్వుకుంది. మనసంతా గడియారం మీదే ఉంది. మూడింటికి కూతురు బడి నుంచి వస్తుంది. ఏడేళ్ళది. గలగలా మాట్లాడుతుందని పిచ్చుక అంటారు. రోజూ తలుపు బయట బెంచీ మీద గంటలు గంటలు కూర్చుని అమ్మ కోసం చూస్తుంది. "ఒక్క నిమిషమే తల్లీ" అన్నది అరవై నిమిషాలవడం ఆ పిల్లకి అలవాటే. ఈ రోజు మాత్రం ఒట్టు వేసింది ఆవిడ. మూడంటే మూడింటికే బయటికొస్తాను, ఇద్దరం పార్కుకి వెళ్దాం అని.

ముప్ఫైతొమ్మిది పుర్రెలు అయ్యేసరికి మూడుకి పది నిమిషాలు తక్కువ. నలభయ్యోది అరచేతిలో పట్టేంత ఉంది. చీటీ లేదు. పిల్లి కాదు, కోతి కాదు. దాని మీది గీతలు చిక్కుపడ్డ వెంట్రుకల్లా ఉన్నాయి. ఒక్కో గీతకీ అరగంట పడుతుంది.

దారం పక్కన పెట్టింది. రిజిస్టరులో ఒక్కో గీతకీ ఒకటి చొప్పున ఐదు గళ్ళు. ఐదింటిలోనూ ఒకే మాట రాసింది. మూసుకుంది. మూసుకుంది. మూసుకుంది...

టక్.

మెటిక విరిచినట్టు చిన్న చప్పుడు. చూస్తే బల్ల మీది పుర్రె కోడిగుడ్డులా నున్నగా ఉంది. ఒక్క గీత లేదు.

కళ్ళు అలిసిపోయాయనుకుంది. సంచీ తీసుకుని లేచింది. గాలి కోసం తలుపు ఎప్పుడూ బారెడు తీసి ఉంచుతుంది. ఇప్పుడు బెత్తెడే ఉంది. తోసింది. కదల్లేదు. భుజం ఆనించి తోసింది. గోడని తోసినట్టే ఉంది.

అప్పుడు చూసింది. తలుపు అంచు తిన్నగా లేదు. చెక్కలోంచి చిన్న చిన్న పళ్ళు మొలిచాయి. ఎదురుగా గోడలోంచీ మొలిచాయి. ఒకదాని సందులోకి ఒకటి, నెమ్మదిగా...

టక్.

పరుగున వెళ్ళి రిజిస్టరులో ఆ ఐదు మాటలూ కొట్టేసింది. పుర్రె మీద దారం పెట్టబోయింది. ఎక్కడ పెట్టాలి? గీత ఉంటేగా!

"అమ్మా!" సందులోంచి పిచ్చుక గొంతు. "మూడయింది. నీ ముక్కు ఒక్కటే కనిపిస్తోంది."

"తలుపు పట్టేసిందమ్మా. పైకెళ్ళి తాళాల తాతని పిలుచుకురా."

"నేను అటు వెళ్తే నువ్వు మళ్ళీ పని మొదలెడతావు."

"లేదు తల్లీ. ఒట్టు."

"నిన్న కూడా ఒట్టే అన్నావు." పిల్ల సందులోకి చెయ్యి పెట్టింది. "పట్టుకో. పట్టుకుంటే రాయలేవు కదా."

ఆవిడ పట్టుకుంది. వెచ్చటి, సిరా మరకల చెయ్యి. ప్రాణం లేచొచ్చినట్టయింది.

టక్.

"అమ్మా, ఇరుకవుతోంది."

చెయ్యి పట్టని సందులో మూడు వేళ్ళు. తర్వాత రెండు. తర్వాత ఒక్క చూపుడువేలు మిగిలి, అమ్మ చూపుడువేలికి కొక్కెంలా తగులుకుంది. చెక్క పళ్ళు ఆ చిన్న వేలికి రెండు వైపులా వచ్చి ఆగాయి. ఊపిరి బిగబట్టి ఆగినట్టు...

"వేలు తీసెయ్యి," గుసగుసగా అంది ఆవిడ.

"తియ్యను."

"నా బంగారు కదూ. తీసెయ్యి."

"తీస్తే నువ్వు కనపడవు."

నిజమే. కనపడదు. ఆ సందు మూసుకుంటే బయట లోకంతో ఇక ఏ సంబంధమూ లేదు. ఆ సంగతి ఆవిడకీ తెలుసు. ఇంకొక్క క్షణం పట్టుకోవాలని ప్రాణం కొట్టుకుంది. పట్టుకోలేదు.

"తీస్తావా, తన్నమంటావా!"

పుట్టి బుద్ధెరిగాక పిల్ల ఆ గొంతు వినలేదు. వెక్కుతూ వేలు లాక్కుంది. బూట్ల చప్పుడు మెట్ల మీదికి పరుగెత్తింది. "తాతా... తాతా..."

టక్.

లైటు ఆరిపోయింది. ఎడంచేత్తో తడిమి చూసింది. తలుపు లేదు, సందు లేదు. ఒకే నున్నటి గోడ. ఎముకలా చల్లగా ఉంది. ఆ గోడకి చెవి ఆనించింది. ఎక్కడో చాలా పైన, సన్నగా...

"తాతా, అమ్మ లోపలుంది! రా తాతా!"

హమ్మయ్య. పిల్ల పైకి చేరింది. దాని పది వేళ్ళూ దానికున్నాయి. ఆ ఒక్కటీ చాలు. ఆవిడ చీకట్లో గోడకి జారగిలబడి, కళ్ళు తుడుచుకుందామని కుడిచెయ్యి ఎత్తబోయింది.

చెయ్యి రాలేదు.

ఆవిడ చూపుడువేలిని ఒక చిన్న వేలు కొక్కెంలా పట్టుకునే ఉంది. వెచ్చగా ఉంది. పిల్ల ఇంకా పైన అరుస్తూనే ఉంది... ఇక్కడ ఆ వేలు మెల్లగా, బుజ్జగిస్తున్నట్టు, ఆవిడని గోడ లోపలివైపుకి లాగింది.