అద్దం మీద రెండుసార్లు

మాది కృష్ణానగర్. పదిహేనేళ్ళుగా సినిమాల్లో గుంపులో నిలబడే పని నాది. పెళ్ళి సీనులో అక్షింతలు వేస్తాను, చావు సీనులో ఏడుస్తాను. నాకు సిగ్గెక్కువ. కెమెరా ముందు ఒక్క మాట చెప్పమంటే గొంతు పట్టేస్తుంది. అందుకే ఇన్నేళ్ళలో ఒక్క డైలాగూ దక్కలేదు.

మాదాపూర్ వైపు కంప్యూటర్ కంపెనీలు లేస్తున్న రోజులవి. జూబ్లీహిల్స్‌లో ఒక పాత బంగళా మేడ మీద కౌన్సెలింగ్ నేర్పే సంస్థ పెట్టారు. నేర్చుకునేవాళ్ళను మొదటిరోజే నిజంగా బాధపడేవాళ్ళ ముందు కూర్చోబెట్టలేరు కదా. అందుకని బాధ ఉన్నట్టు నటించడానికి నన్ను పిలిచారు. ఎదురుగా ఉండేది ఒక్క మనిషే కాబట్టి నాకూ నోరు పెగిలింది.

గదిలో రెండు కుర్చీలు, గోడకు పెద్ద అద్దం. మా వైపు నుంచి అది అద్దమే. అవతలి చీకటి గదిలో కూర్చున్నవాళ్ళకు మాత్రం మేం కనిపిస్తాం. నేర్పే లీలాకుమారి మేడమ్ అక్కడ కూర్చుని వింటుంది. అద్దం మీద రెండుసార్లు తట్టిందంటే తప్పు, మళ్ళీ మొదటి నుంచి చెప్పాలని అర్థం.

ఇంకో నియమం కూడా ఉంది. నటన అయ్యాక కుర్చీలోంచి లేచి, 'నేను ఆమెను కాదు, నేను నీలమ్మను' అని పైకి చెప్పి చేతులు దులుపుకోవాలి.

"వేషం ఒంటిమీద ఉంచుకుని ఇంటికెళ్ళకూడదు నీలమ్మా," అనేది మేడమ్. నాకు లోపల నవ్వొచ్చేది. షూటింగులో అయితే చీర తిరిగిచ్చేస్తే అయిపోతుంది.

ఆ రోజు ఇచ్చిన కాగితాన్ని కూడబలుక్కుని చదివాను. పేరు రాజ్యలక్ష్మి. నిద్ర లేదు, తిండి లేదు. చచ్చిపోవాలని నిర్ణయించుకుంది కానీ తనంతట తాను చెప్పదు. సూటిగా అడిగితే 'అవును' అనాలి. అడగకపోతే 'సరే బిడ్డా, వస్త' అని లేచిపోవాలి.

నా ఎదురుగా నవత. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మానేసి వచ్చిన పిల్ల. ఈ పరీక్ష గట్టెక్కితే సోమవారం నుంచి నిజం మనుషులు ఆమె ముందు కూర్చుంటారు. కానీ పొద్దున్నుంచి నాలుగుసార్లు చేశాం, నాలుగుసార్లూ అడగలేదు.

"మీకు ఎలా అనిపిస్తోంది?"

"ఎన్నిసార్లు చెప్పాలె బిడ్డా! మంచిగ లేదు!" అన్నాను, విసుగు నటించే అవసరం లేకుండానే.

టక్. టక్.

మేడమ్ గదిలోకి దూసుకొచ్చింది. "అడగవేంటి నవతా?"

"అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందేమోనని, మేడమ్..."

"అడిగితే పుట్టదు. అడగకపోతే మనిషి పోతుంది! మళ్ళీ!"

నేను లేచి నా పేరు చెప్పబోయాను.

"అవన్నీ ఆఖర్న చూద్దాం, కూర్చో," అని కసిరి వెళ్ళింది. నాకు ఒళ్ళు మండింది. అయినా కూర్చున్నాను.

సాయంత్రం నాలుగింటికి మబ్బు కమ్మి వాన మొదలైంది. ఐదోసారి మొదలుపెట్టబోతుంటే కరెంటు పోయింది. ఏసీ మూలిగి ఆగింది. మందపాటి పరదాల వెనక గది నల్లగా అయిపోయింది. డాబా మీది నీళ్ళ ట్యాంకు నుంచి గొట్టంలో నీళ్ళు దిగుతున్న చప్పుడు. అంతలో తడిచీర వాసన. దాంట్లోనే తలనొప్పి బామ్ వాసన...

"మేడమ్, ఆపనా?" నవత గుసగుసగా అడిగింది.

టక్. టక్.

"మళ్ళీ చేయమంటున్నారు, నీలమ్మగారూ."

'నిద్ర పడతలేదు బిడ్డా' అనబోయాను. నోరు తెరిచాను.

"నిద్ర పట్టడం లేదండీ. తలకి బామ్ రాసుకుని పడుకుంటున్నాను. పోయినసారీ మీకిదే చెప్పాను."

అది మా యాస కాదు. ఆ మాటలు కాగితంలో లేవు.

"ట్యాంకు మూత బరువేనండీ. ఒక్కదాన్నే తీయగలనని నిన్న చూసుకున్నాను."

ఆపుదామనుకున్నాను. నాలుక నా మాట వినలేదు.

నవత ఊపిరి బిగబట్టింది. "మీకు... చచ్చి..."

టక్. టక్.

ఆమె ఆగిపోయింది. "మీకు... ఎలా అనిపిస్తోంది?"

అడుగు బిడ్డా! లోపల అరుస్తున్నాను. అద్దం వైపు చూడకు. నన్ను అడుగు...

"సరే అమ్మా, వస్తానండీ."

నా కాళ్ళు లేచాయి. వీధి వైపు పోలేదు. డాబా మెట్లు ఎక్కాయి. వాన ముఖానికి కొట్టింది. గ్యాసు బండ కూడా జరపలేని నా చేతులు ట్యాంకు మూతను ఎత్తాయి. లోపల నీళ్ళు నల్లగా...

"నీలమ్మగారూ!" నవత పరిగెత్తుకొచ్చింది. నా తల తిరగలేదు. నా కాలు అంచు మీదికి లేచింది.

"రాజ్యలక్ష్మిగారూ! చచ్చిపోవాలనుకుంటున్నారా?"

తల తిరిగింది.

"అవును," అంది నా నోరు. "ఈ ఒక్క మాట అడగడానికి ఇన్నేళ్ళా?"

చేతులు సడలాయి. మూత దబ్బున పడింది. నేను వానలో కూలబడి, నా గొంతుతో ఏడ్చాను.

కింది నుంచి గొడుగుతో మేడమ్, వెనకే వాచ్‌మన్ జంగయ్య వచ్చారు.

"ఏందమ్మా, ఏమైంది?" అన్నాడు జంగయ్య. "కరెంటు పోయినప్పటి సంది మేడమూ నేనూ జనరేటరు కాడ కొట్లాడుతున్నం. ఈడ గీ లొల్లేంది?"

"మేడమ్ మీతోనే ఉన్నారా?" అంది నవత. "మరి అద్దం తట్టిందెవరు?"

మేడమ్ పిడికిలి విప్పింది. అరచేతిలో తాళంచెవి. "కరెంటు పోగానే ఆ గదికి తాళం వేసే దిగాను."

నా దగ్గరకు వంగింది. నా జుట్టులో బామ్ వాసన తగిలి తడినేల మీద అలాగే కూర్చుండిపోయింది.

"నేను నేర్చుకునేటప్పుడు నా ఎదురుగా నిజంగానే కూర్చుందమ్మా ఆ రాజ్యలక్ష్మి. నేను అడగబోయాను. అలా అడగకూడదని మా గురువుగారు అద్దం తట్టారు, ఆగిపోయాను. మర్నాడు వాళ్ళింటి మేడ మీద ట్యాంకులో..." "ఆ కాగితంలో పేరైనా మార్చలేదు నేను."

కరెంటు వచ్చాక మేడమ్, నవత, నేను కుర్చీల గదికి వెళ్ళాం. నన్ను అదే కుర్చీలో కూర్చోబెట్టారు.

"చెప్పు నీలమ్మా. ఇందాకే చెప్పనివ్వాల్సింది," అంది మేడమ్. తాళంచెవి ఇంకా ఆమె పిడికిట్లోనే ఉంది.

లేచి నిలబడ్డాను. అద్దంలో మేం ముగ్గురమే కనిపిస్తున్నాం.

"నేను రాజ్యలక్ష్మిని కాదు. నేను నీలమ్మను."

చేతులు దులుపుకున్నాను.

టక్. టక్.